చూడకుండా ఆర్డర్ పెట్టి పార్సిల్‌లో కంప్యూటర్ తెప్పించుకోవడం ఎలా

కంప్యూటర్‌ని కంటితో చూడకుండా, ఎక్కడో దూరంగా ఉన్న కంపెనీకి ముందే డబ్బు కట్టి, పార్సిల్‌లో తెప్పించుకోవాలంటే ఎవరికైనా కాస్త టెన్షన్ ఉంటుంది. ఆ టెన్షన్ మంచిదే, కాకపోతే అది డబ్బు కట్టాక కాదు, కట్టకముందు పడాలి. షాపులో అయితే మెషిన్ ఆన్ చేయించి చూస్తారు, తేడా వస్తే మర్నాడు వెళ్లి అదే కౌంటర్ దగ్గర నిలబడి అడుగుతారు. దూరం నుంచి కొన్నప్పుడు ఈ రెండూ ఉండవు. మీ చేతిలో ఉండేది రాత ఒక్కటే: ఆర్డర్‌లో ఏ భాగం పేరు ఎలా రాశారు, రిటర్న్ షరతుల్లో ఏముంది, మీ ప్రశ్నకు వాళ్లు మెయిల్‌లో ఏమని జవాబిచ్చారు. ఫోన్‌లో సేల్స్ వాళ్లు ఎంత తియ్యగా చెప్పినా రాతలో లేనిది లేనట్టే. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతంతా రెండు పనులే: చూడలేనిదాన్ని కొనేముందే రాయించుకోవడం, పెట్టె వచ్చాక గడువు దాటకముందే ఆ రాతతో ఒక్కొక్కటీ సరిచూసుకోవడం.

ఇలా కొనడం కొత్తేమీ కాదు. 1984లో మైకేల్ డెల్ టెక్సాస్ యూనివర్సిటీలో చదువుతూ హాస్టల్ గదిలో మొదలుపెట్టిన వ్యాపారం, ఆ మరుసటి ఏడాది అయోవాలో పుట్టి ఆవు మచ్చల అట్టపెట్టెలతో పేరు తెచ్చుకున్న గేట్‌వే, రెండూ పత్రికల్లో ప్రకటనలిచ్చి ఫోన్లో ఆర్డర్లు తీసుకుని, ఆర్డర్ వచ్చాక మెషిన్ బిగించి నేరుగా ఇంటికి పంపిన కంపెనీలే. మధ్యలో డీలర్ లేడు, గోడౌన్‌లో పాతబడే సరుకు లేదు, ధర తగ్గింది. కానీ డీలర్ చేసే పనులు కొన్ని కొనేవాడి మీద పడ్డాయి: పెట్టె విప్పి చూడటం, వదులైనవి బిగించడం, ఆడించి చూడటం. ఇప్పుడు ఫోన్ బదులు వెబ్‌సైట్ వచ్చింది, ఆ పనులు మాత్రం ఇంకా మీవే.

మొదట మీ అవసరం రాసుకోండి

దీనికి ఎక్కువసేపు పట్టదు. ఈ మెషిన్ మీద ఏ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది, ఎన్నేళ్లు వాడాలి, ఒకచోటే ఉంటుందా బ్యాగులో తిరుగుతుందా, ఇప్పటికే ఉన్న మానిటర్, కీబోర్డ్ వాడుకుంటారా. మీరు వాడే సాఫ్ట్‌వేర్ పేజీలోనే కనీసం ఎంత ర్యామ్ (పని నడుస్తున్నప్పుడు వాడే తాత్కాలిక మెమరీ), ఎలాంటి గ్రాఫిక్స్ కావాలో రాసి ఉంటుంది, దాన్ని పక్కన పెట్టుకుని అంతకంటే ఒక మెట్టు పైన కొనండి. మామూలు ఆఫీసు పని, బ్రౌజింగ్, చదువు కోసమైతే 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ (ఫైళ్లు దాచే డ్రైవ్) చాలు. వీడియో ఎడిటింగ్, గేమ్‌లు, త్రీడీ లాంటివి ఉంటే కింద చెప్పేవి ఇంకా జాగ్రత్తగా చదవండి.

స్పెసిఫికేషన్ చదవడం

అసలు మోసం, లేదా మోసం కాకపోయినా తర్వాత వచ్చే నిరాశ, ఎక్కువగా ఇక్కడే పుడుతుంది. ప్రకటనలో ఒక్క అబద్ధం కూడా ఉండదు, చెప్పాల్సినవి సగం మాత్రమే ఉంటాయి. ఒక్కో భాగం చూద్దాం.

ప్రాసెసర్, అంటే లెక్కలన్నీ చేసే చిప్. ఇంటెల్ కంపెనీ దాన్ని "కోర్ ఐ5" అని మాత్రమే రాస్తే ఏమీ చెప్పనట్టే, ఎందుకంటే ఆ పేరు 2009 నుంచి వాడుకలో ఉంది. పక్కనున్న అంకె ముఖ్యం. ఐ5 12400 అంటే 12వ తరం, ఐ7 3770 అంటే 3వ తరం, ఆ పాత ఐ7 కంటే 12వ తరం ఐ3 12100 చాలా వేగంగా పనిచేస్తుంది. పాత మెషిన్లు అమ్మేవాళ్లు "ఐ7" అని పెద్ద అక్షరాల్లో వేసేది ఇందుకే. ఇంటెల్‌కి పోటీ కంపెనీ అయిన ఏఎండీలోనూ ఇలాంటి చిక్కే ఉంది: ల్యాప్‌టాప్‌లలో వచ్చే రైజెన్ 5 7520యూ పేరు చూస్తే 7000 సిరీస్ కదా కొత్తదే అనిపిస్తుంది, లోపలున్నది మాత్రం 2019లో వచ్చిన జెన్ 2 డిజైన్. చివరి అక్షరం కూడా వదలొద్దు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే దాంట్లో గ్రాఫిక్స్ లేదు, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ పెట్టకపోతే స్క్రీన్ మీద బొమ్మే రాదు. ల్యాప్‌టాప్‌లలో యూ అంటే తక్కువ కరెంటుతో నడిచేది, హెచ్ అంటే ఎక్కువ కరెంటు తీసుకుని ఎక్కువ వేగం ఇచ్చేది.

ర్యామ్. ఎంత జీబీ అన్నది ఒక్కటే చూడొద్దు. పాత రకం డీడీఆర్4నా కొత్త రకం డీడీఆర్5నా, ఒకే కర్రనా (స్లాట్‌లో గుచ్చే ర్యామ్ ముక్క) రెండు కర్రలా, ఖాళీ స్లాట్ ఉందా, ల్యాప్‌టాప్ అయితే ర్యామ్ మదర్‌బోర్డుకే (అన్ని భాగాలూ కలిసే ప్రధాన బోర్డు) అతికించి ఉందా, ఇవన్నీ అడగండి. 16 జీబీ ఒకే కర్రగా ఉన్నదానికంటే 8 జీబీవి రెండు ఉన్నది కొంత మెరుగ్గా నడుస్తుంది, ముఖ్యంగా విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేని మెషిన్లలో ఆ తేడా బాగా తెలుస్తుంది. బోర్డుకు అతికించిన ర్యామ్‌ని తర్వాత పెంచుకోలేరు, కాబట్టి అలాంటిది కొంటే రాబోయే ఏళ్లకు కూడా ఇప్పుడే సరిపోయేలా కొనాలి. డీడీఆర్4 స్లాట్‌లో డీడీఆర్5 కూర్చోదు, అటుది ఇటు కూడా కూర్చోదు.

స్టోరేజ్. "512 జీబీ ఎస్‌ఎస్‌డీ" అని రాస్తే అది సాటా రకమా, ఎన్‌వీఎంఈ రకమా అని అడగండి. సాటా దాని వేగం సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, ఎన్‌వీఎంఈ వాటిలో మంచివి 3,500 నుంచి 7,000 వరకు, కొన్ని ఇంకా పైకి వెళ్తాయి. రోజువారీ పనిలో ఆ అంకెలంత తేడా కనిపించదు, అయినా ఒకే ధరకు రెండోది దొరుకుతున్నప్పుడు మొదటిది ఎందుకు తీసుకోవాలి? మరీ చవక ల్యాప్‌టాప్‌లలో ఈఎంఎంసీ అని ఇంకో రకం ఉంటుంది, బోర్డుకే అతికించి ఉంటుంది, నెమ్మది, మార్చడానికి కుదరదు. ఇంకేదైనా దారి ఉంటే దాని జోలికి వెళ్లకండి.

గ్రాఫిక్స్ కార్డ్. ఒకే పేరుతో వేర్వేరు సరుకు వస్తుంది. ఆర్‌టీఎక్స్ 3050 అనే పేరుతో 8 జీబీది ఉంది, 6 జీబీది ఉంది. తేడా మెమరీలోనే అనుకుంటారు కానీ 6 జీబీ దాంట్లో కోర్లు కూడా తక్కువే. ల్యాప్‌టాప్‌లలో మరీ గందరగోళం. ఆర్‌టీఎక్స్ 4060 ల్యాప్‌టాప్ చిప్‌కి 35 వాట్ల నుంచి 115 వాట్ల వరకు ఎంత కరెంటు ఇవ్వాలన్నది ల్యాప్‌టాప్ తయారు చేసే కంపెనీ ఇష్టం, తక్కువ వాట్లు ఇచ్చినదాంట్లో అదే చిప్ చాలా నీరసంగా నడుస్తుంది. కాబట్టి ఎన్ని వాట్లో రాతలో అడగండి.

ఎస్‌ఎంపీఎస్, అంటే పవర్ సప్లై. బిగించి పంపే డెస్క్‌టాప్‌లలో డబ్బు మిగుల్చుకోవాలనుకునేవాళ్లు మొదట చెయ్యి పెట్టేది ఇక్కడే. ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డ్ పేరు వివరంగా రాసి, దీని దగ్గరికొచ్చేసరికి "600 వాట్స్" అని ఊరుకుంటారు. ఏ కంపెనీది, ఏ మోడల్, 80 ప్లస్ గుర్తు (కరెంటు వృథా తక్కువని చెప్పేది) ఉందా అని అడగాల్సిందే, ఎందుకంటే ఇది చెడిపోతే ఒక్కోసారి మదర్‌బోర్డునీ వెంట తీసుకుపోతుంది. మదర్‌బోర్డుకి కూడా పూర్తి మోడల్ పేరు రాయించుకోండి. పెద్ద కంపెనీల డెస్క్‌టాప్‌లలో కొన్నిటికి బోర్డు, ఎస్‌ఎంపీఎస్ వాళ్ల సొంత కొలతల్లో ఉంటాయి, వారంటీ అయిపోయాక బయట దొరికే మామూలు భాగం దాంట్లో పట్టదు. ఎక్కువకాలం వాడాలనుకునేవాళ్లకి ఇది పెద్ద విషయం, కొనేటప్పుడు దాదాపు ఎవరూ అడగరు.

స్క్రీన్. ల్యాప్‌టాప్ అయితే "ఫుల్ హెచ్‌డీ" అన్న మాటతో సరిపెట్టుకోకండి. ఐపీఎస్ ప్యానెలా (పక్క నుంచి చూసినా రంగు పెద్దగా మారని రకం), వెలుగు ఎన్ని నిట్స్, రంగులు ఎంత శాతం అని చూడండి. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల పరిధిని కొలిచే ఒక ప్రమాణం) అని ఉంటే రంగులు వెలసిపోయినట్టు కనిపిస్తాయి. ఫొటోలు, డిజైన్ పని చేసేవాళ్లకి 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ (ఇంకో రంగుల ప్రమాణం) కావాలి. 250 నిట్స్ గదిలో సరిపోతుంది, కిటికీ పక్కన కూర్చుంటే కష్టం.

చిన్నవి కొన్ని త్వరగా చెప్పేస్తాను. డెస్క్‌టాప్‌లో వైఫై ఉందో లేదో చూడండి, చాలావాటిలో ఉండదు. యూఎస్‌బీ సీ పోర్టు ఉన్నంత మాత్రాన అది చార్జింగ్ తీసుకుంటుందని, మానిటర్‌కి బొమ్మ పంపుతుందని లేదు, విడిగా అడగాలి. వేరే దేశం నుంచి వచ్చే సరుకైతే కీబోర్డ్ అమరిక, ప్లగ్గు ఆకారం, వారంటీ మీ దేశంలో చెల్లుతుందా అన్నవి చూడాలి. విండోస్ లైసెన్స్‌తో వస్తుందా, ఖాళీగా వస్తుందా అన్నది బిల్లులో ఉండాలి.

పాతదాన్ని బాగుచేసి అమ్మే రిఫర్బిష్డ్ మెషిన్ కొంటున్నారా? విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 అనే సెక్యూరిటీ భాగం కావాలి, ఇంటెల్‌లో దాదాపుగా 8వ తరం నుంచే అధికారిక జాబితాలో ఉన్నాయి. అంతకంటే పాత మెషిన్లలో కూడా ఆ చెకింగ్‌ని తప్పించి విండోస్ 11 ఎక్కించి అమ్ముతుంటారు, ఇప్పటికి నడుస్తుంది కానీ రేపు అప్‌డేట్‌లు వస్తాయన్న హామీ ఉండదు. ప్రాసెసర్ తరం చూస్తే మీకే తెలిసిపోతుంది. ల్యాప్‌టాప్ అయితే బ్యాటరీ కొత్తది వేశారా, పాతదైతే అసలు సామర్థ్యంలో ఎంత మిగిలింది అన్నది కూడా రాయించుకోండి.

ఇవన్నీ ఒక మెయిల్‌లో ప్రశ్నలుగా పెట్టి పంపండి. జవాబు ఎంత త్వరగా వచ్చింది, ఎంత సూటిగా వచ్చింది అన్నదాన్ని బట్టి ఆ కంపెనీ గురించి కూడా కొంత అర్థమవుతుంది, ఎందుకంటే డబ్బు ఇంకా చేతికి రాకముందే జవాబివ్వనివాళ్లు వచ్చాక ఇస్తారని నమ్మలేం. "లేదా సమానమైన భాగం" అనే మాట ఎక్కడైనా కనిపిస్తే, మార్చాల్సి వస్తే ముందుగా నన్ను అడగాలి, ఒప్పుకోకపోతే డబ్బు వెనక్కి ఇవ్వాలి అని రాయించుకోండి.

ఎవరి దగ్గర కొంటున్నారు

ధర మిగతా అందరికంటే సగం ఉందంటే అక్కడే ఆగండి. పేరున్న కంపెనీ వెబ్‌సైట్‌ని అచ్చు గుద్దినట్టు తయారుచేసి, అడ్రస్‌లో ఒక అక్షరం మార్చి పెట్టేవాళ్లు ఉన్నారు. సైట్ అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. ఆ డొమైన్ (సైట్ అడ్రస్) ఎప్పుడు రిజిస్టర్ అయిందో చూపించే ఉచిత సర్వీసులు ఉన్నాయి, ఏళ్ల తరబడి వ్యాపారం చేస్తున్నామని చెప్పుకునే సైట్ పోయిన నెల పుట్టి ఉంటే ఇక చూడనక్కర్లేదు. పోస్టల్ అడ్రస్, ఫోన్ నంబర్ ఉండాలి, ఆ నంబర్‌కి ఒకసారి ఫోన్ చేసి మాట్లాడండి. రివ్యూలలో ఐదు నక్షత్రాలవి, ఒక నక్షత్రంవి పక్కన పెట్టి రెండు, మూడు నక్షత్రాలవి చదవండి. వాటిలో మనుషులు జరిగింది జరిగినట్టు రాస్తారు. అందులోనూ సరుకు ఎంత బాగుందన్న మాటల కంటే, చెడిపోయినప్పుడు కంపెనీ ఎలా ప్రవర్తించింది అన్నవి వెతకండి.

పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లలో కొంటే అసలు అమ్మేది ఎవరో చూడండి. సైట్ పేరు ఒకటి, దాని మీద అమ్మేవాడి పేరు ఇంకొకటి ఉంటుంది. తయారీ కంపెనీ ఒప్పుకున్న అమ్మకందారు కాకపోతే వారంటీ దగ్గర పేచీ రావచ్చు. తయారీ కంపెనీ సైట్‌లోనే అధీకృత అమ్మకందారుల జాబితా ఉంటే సరిచూసుకోండి.

రిటర్న్ షరతులు, ఈ ఒక్క పేజీ పూర్తిగా చదవండి

నా లెక్కలో ధర కంటే ఇదే ముఖ్యం. కొంచెం ఎక్కువ ధర పెట్టినా రిటర్న్ సులువుగా ఉన్న చోటే కొనమంటాను, ఎందుకంటే కంటితో చూసి కొనలేని లోటుని పూడ్చేది ఇదొక్కటే. చూడాల్సినవి ఇవి: గడువు ఎన్ని రోజులు, అది ఆర్డర్ పెట్టిన రోజు నుంచా, మీ చేతికి అందిన రోజు నుంచా? నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా, లేక చెడిపోతేనే తీసుకుంటారా? డబ్బు వెనక్కి ఇస్తారా, మార్చి ఇస్తారా, లేక రిపేర్ మాత్రమేనా? సీల్ తీస్తే రిటర్న్ లేదు అనే షరతు ఉందా, ఉంటే సీల్ తీయకుండా కంప్యూటర్ బాగుందో లేదో ఎలా తెలుస్తుందని వాళ్లనే అడగండి. రీస్టాకింగ్ (వెనక్కి వచ్చిన సరుకుని మళ్లీ స్టాకులో పెట్టే) చార్జీ పేరుతో కొంత కోసుకుంటారా? వెనక్కి పంపే కొరియర్ ఖర్చు ఎవరిది? డెస్క్‌టాప్ బరువైన పార్సిల్, ఆ ఖర్చు చిన్నది కాదు.

వారంటీ కూడా మూడు రకాలుగా ఉంటుంది. ఇంటికి వచ్చి బాగుచేసేది ఒకటి, మీరు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్లాల్సింది రెండోది, మీరే ప్యాక్ చేసి కంపెనీకి పంపాల్సింది మూడోది. "మూడేళ్ల వారంటీ" అన్న మాటలో ఏ రకమో ఉండదు. కొన్నిచోట్ల మొదటి ఏడాది ఇంటికి వస్తారు, తర్వాత మీరు పంపాలి. బిగించి అమ్మే కంపెనీల దగ్గర మొత్తం మెషిన్‌కి ఒకే వారంటీనా, ఒక్కో భాగానికి దాని తయారీదారు వారంటీ విడిగానా అని కూడా అడగండి. రెండోదైతే ఏ భాగం చెడిందో కనిపెట్టే పని మీ మీద పడుతుంది. క్యాబినెట్ మూత తెరిస్తే వారంటీ పోతుందా అన్నది కూడా ఇప్పుడే తేల్చుకోవాలి, దాని అవసరం తర్వాత వస్తుంది.

ఆర్డర్ పెట్టడం, డబ్బు కట్టడం

కుదిరితే క్రెడిట్ కార్డుతో కట్టండి. సరుకు రాకపోయినా, వేరేది వచ్చినా బ్యాంకు ద్వారా ఫిర్యాదు చేసి చార్జ్‌బ్యాక్ (కట్టిన డబ్బు వెనక్కి) అడిగే దారి ఉంటుంది, దానికీ గడువు ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయకూడదు. బ్యాంక్ ట్రాన్స్‌ఫర్ మాత్రమే తీసుకుంటాం, కార్డుతో కడితే ధర ఎక్కువ, ఈ అకౌంట్‌కి వేరే పేరు మీద పంపండి, ఇలాంటి మాటలు వింటే కొనడం మానేయండి.

డబ్బు కట్టకముందు ప్రొడక్ట్ పేజీ మొత్తం, రిటర్న్ పేజీ మొత్తం పీడీఎఫ్‌గా సేవ్ చేసి పెట్టుకోండి. పేజీలు రేపటికి మారిపోతాయి. ఆర్డర్ కన్‌ఫర్మేషన్, బిల్లు, మీరు పంపిన మెయిల్స్, చాట్ స్క్రీన్‌షాట్లు అన్నీ ఒకే ఫోల్డర్‌లో వేయండి. కన్‌ఫర్మేషన్ రాగానే ప్రతి భాగం పేరు మీరు అడిగిందేనా చూసి, తేడా ఉంటే మెషిన్ బయలుదేరకముందే మెయిల్ కొట్టండి. ఇంకో మాట, ఊరెళ్లే ముందు ఆర్డర్ పెట్టకండి. పెట్టె వచ్చి పక్కింట్లో కూర్చుంటే రిటర్న్ రోజులు అక్కడే కరిగిపోతాయి.

పెట్టె వచ్చిన రోజు

సంతకం పెట్టకముందు, ఓటీపీ చెప్పకముందు పెట్టెని నాలుగు వైపులా తిప్పి చూడండి. మూలలు నలిగాయా, తడిసిందా, టేపు మీద ఇంకో టేపు వేసినట్టుందా. కొన్ని పెట్టెలకి గట్టిగా కుదుపు తగిలితే రంగు మారే స్టిక్కర్ ఉంటుంది, అది మారి ఉంటే ఫొటో తీయండి. దెబ్బ బాగా కనిపిస్తే తీసుకోకుండా వెనక్కి పంపొచ్చు. తీసుకుంటే డెలివరీ కాగితం మీద "పెట్టె దెబ్బతిని ఉంది" అని రాసి సంతకం పెట్టండి. డెలివరీ అతను తొందరపడతాడు, అతని ఇబ్బంది అతనిది, అయినా ఆ రెండు నిమిషాలు మీరు తీసుకోవాల్సిందే.

విప్పేటప్పుడు వీడియో తీయండి. సీల్, అడ్రస్ లేబుల్ కనిపించేలా మొదలుపెట్టి, మధ్యలో ఆపకుండా, లోపలి వస్తువు మీద సీరియల్ నంబర్ కనిపించేదాకా ఒకే వీడియో. మధ్యలో కట్ ఉంటే దాన్ని ఒప్పుకోకపోవచ్చు. అట్టపెట్టె, లోపలి ఫోమ్, ప్లాస్టిక్ కవర్లు ఏవీ పారేయొద్దు, కనీసం రిటర్న్ గడువు దాటేదాకా. చోటుంటే వారంటీ ఉన్నంతకాలం ఉంచండి, సర్వీసుకి పంపాల్సి వస్తే అంతకంటే మంచి ప్యాకింగ్ బయట దొరకదు.

బయట చలిలో తిరిగి వచ్చిన పెట్టె అయితే వెంటనే ఆన్ చేయకండి. చల్లటి లోహం మీద గదిలోని తేమ నీటి బిందువులై కూర్చుంటుంది. కొన్ని గంటలు గదిలో ఉంచి, ఆరాక మొదలుపెట్టండి.

డెస్క్‌టాప్ అయితే ప్లగ్గు పెట్టకముందే పక్క మూత తీసి లోపల చూడాలి, మూత తీయొచ్చని ముందే తేల్చుకున్నారు కదా. చాలా కంపెనీలు దారిలో గ్రాఫిక్స్ కార్డ్ కదలకుండా లోపల ఫోమ్ దిండు పెడతాయి, దాన్ని తీయకుండా ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరగవు, వేడి పెరిగిపోతుంది. చేత్తో ముట్టుకునే ముందు క్యాబినెట్ లోహాన్ని ఒకసారి తాకితే ఒంట్లోని స్టాటిక్ కరెంటు పోతుంది. గ్రాఫిక్స్ కార్డ్ స్లాట్‌లో పూర్తిగా కూర్చుందా, ర్యామ్ కర్రల చివర క్లిప్పులు పడ్డాయా, ప్రాసెసర్ మీది కూలర్ ఊగుతోందా, ఏదైనా స్క్రూ ఊడి దొర్లుతోందా చూడండి. దారి కుదుపులకి వదులైన భాగమే చాలాసార్లు "డెడ్" అనుకున్న మెషిన్ వెనకున్న అసలు కారణం.

ఎస్‌ఎంపీఎస్ వెనక 115, 230 అని రాసిన చిన్న ఎర్ర స్విచ్ ఉంటే అది మీ ఇంటి కరెంటుకి సరిపోయేలా ఉందో లేదో చూడండి. 230 వోల్టుల చోట అది 115 మీద ఉంటే ఆన్ చేసిన క్షణంలోనే కాలిపోతుంది. కొత్త వాటిలో ఈ స్విచ్ ఎక్కువగా ఉండదు. మానిటర్ కేబుల్ పెట్టేటప్పుడు, గ్రాఫిక్స్ కార్డ్ ఉన్న మెషిన్‌లో దాన్ని కార్డుకే పెట్టాలి, పైనున్న మదర్‌బోర్డు పోర్టుకి కాదు. బొమ్మ రావట్లేదని కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసేవాళ్లలో చాలామంది చిక్కు ఇదే.

రిటర్న్ గడువులోపు చేయాల్సిన పరీక్షలు

మొదట గడువు చివరి తేదీని ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి, దానికి మూడు రోజుల ముందు ఇంకోటి. పాత కంప్యూటర్‌ని అప్పుడే ఎవరికీ ఇచ్చేయకండి, మీ ఫైళ్లకి ఒకే ఒక్క కాపీ ఈ కొత్త మెషిన్‌లో ఉండేలా చేయకండి.

ఎలక్ట్రానిక్ వస్తువుల్లో లోపం ఉన్నవి ఎక్కువగా మొదటి రోజుల్లోనే బయటపడతాయి, ఆ తర్వాత చాలాకాలం నిలకడగా నడుస్తాయి. కాబట్టి కొత్తది కదా అని అపురూపంగా చూసుకోకుండా ఈ రోజుల్లోనే గట్టిగా వాడాలి. చెడిపోవాల్సిందైతే డబ్బు వెనక్కి వచ్చే రోజుల్లోనే చెడిపోనివ్వండి.

ఆర్డర్ కాగితం పక్కన పెట్టుకుని టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ పేజీ తెరవండి. ప్రాసెసర్ పూర్తి పేరు, ర్యామ్ ఎంత, ఎన్ని స్లాట్లు వాడారు, డ్రైవ్ మోడల్, గ్రాఫిక్స్ పేరు అన్నీ అక్కడే ఉంటాయి. ఇక్కడ రెండు మూడు విషయాలు చూసి అనవసరంగా కంగారు పడొద్దు. 1 టీబీ డ్రైవ్ విండోస్‌లో 931 జీబీగా కనిపిస్తుంది, 512 జీబీది 476 దగ్గర కనిపిస్తుంది, అది లెక్కించే పద్ధతిలో తేడా, ఎవరూ కోసుకోలేదు. 16 జీబీ ర్యామ్‌లో కొంచెం గ్రాఫిక్స్ కోసం పక్కకి పోయి 15 చిల్లర వాడుకకి మిగలడం కూడా మామూలే. డీడీఆర్5 6000 స్పీడ్ అని కొన్న ర్యామ్ 4800 దగ్గర నడుస్తుంటే బయోస్‌లో (విండోస్‌కి ముందే తెరుచుకునే సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ లేదా ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేయలేదన్నమాట, బిగించి పంపినవాళ్లు దాన్ని ఆన్ చేసే పంపాలి, మర్చిపోతే మీరు చేసుకోవచ్చు. అదే మోడల్ పేరు తేడాగా ఉంటే మాత్రం ఫొటో తీసి అదే రోజు మెయిల్ పెట్టాలి.

తర్వాత డ్రైవ్. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేస్తే అది ఎన్ని గంటలు ఆన్‌లో ఉందో చూపిస్తుంది. కొత్తదానికి కొద్ది గంటలే ఉండాలి, వందలూ వేలూ ఉంటే అది ఎవరో వాడిన డ్రైవ్. ర్యామ్ కోసం విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ గానీ, ఇంకా గట్టిగా చూడాలంటే మెమ్‌టెస్ట్86 గానీ రాత్రంతా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా ఊరుకోవద్దు. ర్యామ్ లోపం బయటికి వేరేలా కనిపిస్తుంది, ఫైల్ పాడవడం, ప్రోగ్రామ్ ఉన్నట్టుండి మూసుకుపోవడం, అందుకే నెలల తరబడి జనం సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకుంటూ ఉంటారు.

బరువైన పని ఏదైనా గంట, రెండు గంటలు ఆపకుండా నడపండి: గేమ్, వీడియో రెండరింగ్, మీరు దేనికోసం కొన్నారో అదే. మధ్యలో రీస్టార్ట్ అయితే ఎస్‌ఎంపీఎస్ మీదో వేడి మీదో అనుమానం పెట్టుకోవచ్చు. ఫ్యాన్ గీసుకుంటున్న శబ్దం, కాలిన వాసన, ఇవి తగ్గిపోతాయిలే అని వదిలేయకండి. స్క్రీన్ మీద తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు ఒక్కొక్కటే నిండుగా పెట్టి రంగు మారకుండా నిలిచిపోయిన చుక్కలు ఉన్నాయేమో చూడండి. ఎన్ని చుక్కలుంటే మార్చి ఇస్తారన్నది కంపెనీని బట్టి ఉంటుంది. పెన్‌డ్రైవ్ పట్టుకుని ప్రతి యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడండి. హెడ్‌ఫోన్, మైక్, కెమెరా, వైఫై, కీబోర్డ్‌లో ప్రతి కీ. ల్యాప్‌టాప్ మూత మూసి నిద్రపుచ్చి మళ్లీ లేపండి, బ్యాటరీ మీద పూర్తిగా దిగేదాకా ఒకసారి వాడండి.

విండోస్ సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ పేజీ చూడండి. చిన్న కంపెనీ బిగించి విండోస్ ఎక్కించి పంపితే, నేనైతే దాన్ని పూర్తిగా తుడిచి మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తెచ్చిన కాపీతో మళ్లీ వేసుకోమంటాను. అసలైన డిజిటల్ లైసెన్స్ అయితే మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, ఇంటర్నెట్‌కి కలపగానే తనే యాక్టివేట్ అవుతుంది. అవ్వలేదంటే ముందున్నది ఏమిటో అడగాల్సిన సమయం అదే.

తేడా వస్తే ఏం చేయాలి

ఫోన్ చేయండి, కానీ ఫోన్‌తో ఆగకండి. మాట్లాడిన వెంటనే అదే విషయం మెయిల్‌లో రాయండి. పొడుగాటి కోపపు ఉత్తరం అక్కర్లేదు, ఇలా ఉంటే చాలు: "ఆర్డర్ నంబర్ ఇది, సీరియల్ నంబర్ ఇది, ఫలానా తేదీన అందింది. ఆన్ చేసిన అరగంటకి స్క్రీన్ నల్లగా అయిపోతోంది, ప్రతిసారీ ఇలాగే జరుగుతోంది, వీడియో పంపుతున్నాను. కేబుల్ మార్చి చూశాను, ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. రిటర్న్ గడువు ఇంకా ఉంది, మెషిన్ మార్చి ఇవ్వండి లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి." చివరి వాక్యం తప్పకుండా ఉండాలి. మీకేం కావాలో మీరు చెప్పకపోతే వాళ్లకి సులువైనది వాళ్లు ఇస్తారు.

సపోర్ట్ వాళ్లు ఒక అప్‌డేట్ చేయండి, రెండు రోజులు చూడండి, మళ్లీ ఫార్మాట్ చేయండి అంటూ ఒక్కో పని చెబుతుంటారు. అందులో నిజంగా పనికొచ్చేవి ఉంటాయి, చేయండి. కానీ గడువు దగ్గర పడుతుంటే, "మీరు చెప్పినవి చేస్తున్నాను, ఈ ఫిర్యాదు గడువులోపే ఇచ్చినట్టు నమోదు చేసి టికెట్ నంబర్ ఇవ్వండి" అని మెయిల్‌లో అడగండి. ఆ నంబర్ వచ్చేదాకా వదలకండి.

వెనక్కి పంపాల్సి వస్తే ముందు రిటర్న్ నంబర్ తీసుకుని పెట్టె మీద రాయండి, అది లేకుండా వెళ్లిన పార్సిల్ గోడౌన్‌లో అనాథలా పడి ఉంటుంది. మీ ఫైళ్లు కాపీ చేసుకుని, అకౌంట్ల నుంచి బయటికి వచ్చి, డ్రైవ్ తుడిచేయండి. రిపేర్‌కి మాత్రమే పంపుతూ డేటా ఉంచాలనుకుంటే ఒకటి గుర్తుంచుకోండి: విండోస్ 11 ఉన్న చాలా కొత్త మెషిన్లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే డ్రైవ్ తనంతట తనే బిట్‌లాకర్ అనే విండోస్ రక్షణతో లాక్ అవుతుంది. సర్వీసులో మదర్‌బోర్డు మార్చితే తిరిగొచ్చాక రికవరీ కీ అడుగుతుంది, అది మీ దగ్గర లేకపోతే డేటా పోయినట్టే. పంపకముందే ఆ కీ మీ అకౌంట్‌లో ఎక్కడుందో చూసి కాగితం మీద రాసి పెట్టుకోండి. పెట్టెలో ఏమేం పెట్టారో ఫొటో తీయండి, చార్జర్, కేబుళ్లతో సహా. కొరియర్ రసీదు మీద బరువు పడేలా చూడండి, దాన్ని డబ్బు చేతికొచ్చేదాకా దాచండి.

అంతా బాగుంటే మిగిలే పని కొంచెమే. తయారీ కంపెనీ సైట్‌లో సీరియల్ నంబర్ కొట్టి వారంటీ ఏ తేదీ దాకా చూపిస్తోందో చూడండి. ఒక్కోసారి అది కంపెనీ నుంచి అమ్మకందారుకి వెళ్లిన తేదీ నుంచి లెక్కేసి ఉంటుంది, అలా కొన్ని నెలలు తక్కువ కనిపిస్తే మీ బిల్లు పంపి సరిచేయించుకోవచ్చు. బిల్లు పీడీఎఫ్ ఒక కాపీ మెయిల్‌లో, ఇంకో కాపీ ఈ కంప్యూటర్‌లో కాకుండా వేరేచోట పెట్టండి.